బోర్డు కుదిరేదాకా

పావగడ బజారులో మాది బట్టల అంగడి. మేడ మీద రెండు గదులు. ఒకదానిలో నేనుంటాను. సోలార్ పార్కు కడుతున్న రోజుల్లో రెండోది కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు అద్దెకు తీసుకున్నాడు. పగలంతా రాయచెర్ల దగ్గర ప్యానెళ్లు బిగించే పని చూసి, సాయంత్రానికి ముఖం మాడ్చుకుని వచ్చేవాడు. స్నానం చేసి గేమింగ్ కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. అంగడి మూసి నేనూ వెళ్లి, పక్కన ఇంకో జాయ్‌స్టిక్ పట్టుకునేవాణ్ణి. ఆటలో దిగీ దిగకముందే చచ్చిపోయేవాణ్ణి. "నువ్వు నా ఎనకాలే ఉండన్నా" అనేవాడు. పెళ్లీ గిళ్లీ లేకుండా నలభై దాటినవాణ్ణి, ఆ మాట నాకు ఎంత బాగుండేదో చెప్పలేను.

పార్కు పని అయిపోయింది. దానికోసం వచ్చినవాళ్లంతా ఒక్కొక్కరే గదులు ఖాళీ చేశారు. అతను రాజస్థాన్‌లో ఇంకో పార్కుకు వెళ్లాడు. పోతూ పోతూ, నువ్వూ విడిభాగాలు కొని ఒక కంప్యూటర్ చేయించుకో, ఆడినుంచి నేను, ఈడినుంచి నువ్వు కలిసే ఆడదాం అన్నాడు. మా బజారులో పలకరించేవాళ్లకు కొదవ లేదు, కూర్చునేవాళ్లే లేరు. ఆ గది మళ్లీ అద్దెకు పోలేదు.

ముందు మదర్‌బోర్డు చూసుకోమన్నాడు. తక్కినవన్నీ దాని మీదే కూర్చుంటాయట. వాటిని తర్వాత మార్చుకోవచ్చు గానీ బోర్డు మార్చాలంటే అంతా విప్పాల్సిందే కాబట్టి, ఖరీదైనా మంచిదే తీసుకోమన్నాడు. రోజూ అంగడి మూశాక ఫోను చేసేవాణ్ణి. ర్యామ్‌కు ఎన్ని స్లాట్లున్నాయి, వైఫై అందులోనే ఉందా, మా ఊరి ఎండకు తట్టుకుంటుందా అని అడిగేవాణ్ణి. అతను ఓపికగా చెప్పేవాడు. ఒకటి దాదాపు కుదిరిందనగా, ఇదే తెల్లరంగులో వస్తుందా అన్నాను. అడిగాక నాకే నవ్వొచ్చింది. మా పక్క అరసికెరె నుంచి వచ్చే ఆడవాళ్లు చీరలన్నీ పరిపించి, చివర్లో నన్నడిగే మాట అదే. అప్పుడు లోపల్లోపల ఎంత విసుక్కుంటానో.

అయితే విషయం రంగు కాదు. మా అంగట్లో గుడ్డ చింపేదాకానే మాటలు. కత్తెరతో గాటు పెట్టి పర్రున చింపామంటే, అంతసేపూ కబుర్లాడిన మనిషి సంచి సర్దుకుని లేస్తాడు. బోర్డు కుదిరితే ఇతనూ లేస్తాడని నా భయం. అతనికి పెళ్లయింది, పని పెరిగింది. కలిసి ఆడదామన్న మాట ఎత్తడమే మానేశాడు. నాకూ ఆట మీద ధ్యాస పోయింది. సాయంత్రం ఆ గొంతు వినబడితే చాలు. అందుకే కుదిరిన ప్రతి బోర్డుకూ ఏదో ఒక వంక పెట్టాను. పెళ్లిచూపులకు వెళ్లిన మేనమామలు కూడా అన్ని వంకలు పెట్టరు.

చివరికి అతనే తేల్చేశాడు.

"ఇంక చూసింది చాలన్నా. బాగుండేది ఒకటి నిన్ననే నేను కొని పంపించినా. నా గుర్తుగా పెట్టుకో."

తక్కిన సామాను సంగతి కూడా బెంగళూరులో తెలిసిన షాపులో మాట్లాడేశాడట. బోర్డు పట్టుకుపోతే, దానికి తగ్గవన్నీ వాళ్లే బిగించి ఇస్తారు. నేను అడగడానికి ఏమీ మిగలలేదు.

బోర్డు వచ్చింది. చీరలు పరిచే చోటనే పెట్టి చూశాను. నల్లగా, బరువుగా, చాలా అందంగా ఉంది. ఫోను చేసి చేరిందని చెప్పాను. హమ్మయ్య అన్నాడు. ఆ తర్వాత నేను చేయలేదు. ఈసారి అతనే చేస్తాడేమోనని చూశాను. అంగడి మూసి, దీపం పెట్టి, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అది మోగలేదు.

డబ్బాలో ఒక చిన్న పొట్లం ఉంది, అందులో గోరంత స్క్రూ. అది తీసి చూస్తూ నేనే ఫోను చేశాను. బోర్డుతో రావలసిన స్క్రూ ఒకటి తక్కువొచ్చింది అన్నాను. అటువైపు ఎవరో అతన్ని భోజనానికి పిలుస్తున్నారు. వస్తానని వాళ్లతో చెప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"అన్నా, నాతో మాట్లాడేకి బోర్డు ఏంటికి?"

ఆ స్క్రూ సంగతి కాస్త కనుక్కో అన్నాను. స్క్రూ నా అరచేతిలోనే ఉంది.