క్యాన్ మెడ నుంచి విప్పిన ఎర్రగుడ్డ

జల్‌పల్లిలో మా ఇంటి కప్పు మీద ఒక ఇనుప చువ్వకు గుడ్డపీలిక కట్టి ఉంటుంది. ఒకప్పుడు ఎర్రది, ఎండకు వెలిసిపోయింది. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు అదే అంటే మీరు నవ్వుతారు. నవ్వండి. నవ్వాక మాత్రం నా మొహంలోకి అదోలా చూడకండి. ఎవరు అలా చూసినా, వీళ్లకు తెలిసిపోయిందా అని నేను మొహం తిప్పుకుంటాను. నా పేరు చెప్పను. పేరు దాచుకునేవాడు నిజం చెబుతాడా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. అందుకే ఇంతకుముందు మొదలుపెట్టిన ప్రతిసారీ చించేశాను.

చార్మినార్ వెనక సందులో ఒక కార్ఖానాలో పనిచేసేవాణ్ణి. గిల్టు నగలకు బంగారు పూత వేసే పని. నగను వేడి కాస్టిక్ సోడా నీళ్ల తొట్టిలో ముంచితే జిడ్డు పోతుంది. కడిగి తేజాబ్‌లో ముంచితే మకిలి పోతుంది. పూత ఆ తర్వాతే. తేజాబ్ అంటే గంధకామ్లం. చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, వాసన కూడా రాదు. కాస్టిక్ దానికన్నా మోసకారి. చేతి మీద పడితే ముందు సబ్బులా జారుతుంది, మంట తర్వాత తెలుస్తుంది. కంట్లో పడితే అంత వ్యవధి ఇవ్వదు.

కార్ఖానాలో కుళాయి లేదు. నీళ్లూ తేజాబూ ఒకే రకం తెల్ల క్యాన్లలో వచ్చేవి. చీటీలు అంటించి లాభం లేదు. ఇస్మాయిల్ భాయ్‌కి ఉర్దూ వచ్చు, నాకు తెలుగు వచ్చు, ఊడ్చే యాదమ్మకు ఏదీ రాదు. పైగా ఆ ఆవిరికి ఏ చీటీ అయినా ఊడి పడిపోయేది. అందుకని తొట్ల దగ్గర పెద్ద పనివాడైన ఇస్మాయిల్ భాయ్ ఒక పద్ధతి పెట్టాడు. తేజాబ్ క్యాన్ మెడకు ఎర్రగుడ్డ కట్టాలి. మెడ బోసిగా ఉంటే నీళ్లు. అందరం ఆ గుడ్డను నమ్మాం. మనుషుల్ని నమ్మనివాళ్లం కూడా గుడ్డను నమ్మాం.

యాదమ్మ పొద్దున్నే వచ్చి తాళం తీసి ఊడ్చేది. సాయంత్రం తాళం వేయడం నా పని. ఆమెకూ ఇస్మాయిల్ భాయ్‌కీ రోజూ ఏదో ఒక లొల్లి. టిఫిన్ డబ్బా తొట్ల పక్కన పెట్టొద్దని ఆయన, పెడితే నీదేం పోయిందని ఆమె. అయినా చాయ్ వస్తే ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని తాగేవాళ్లు. ఒకరోజు ఆయన విసుగొచ్చి డబ్బా తీసుకెళ్లి గుమ్మం బయట పెట్టాడు. కుక్క వచ్చి మూత ఊడదీసి తినేసింది. ఆకలి మీద ఉన్న యాదమ్మ సందంతా వినబడేలా తిట్టింది. "నీ కండ్లు పోను" అంది. మా దగ్గర అది రోజుకు పదిసార్లు వినబడే తిట్టు, పిల్లల్ని కూడా తిడతారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రమే నేను గుడ్డ విప్పాను.

జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొనుక్కుని ఇల్లు కట్టుకుంటున్న రోజులవి. చువ్వలు ట్రాలీ ఆటోలో వేసి కార్ఖానా ముందు ఆపించాను. తాళం వేసి అటే వెళ్లిపోదామని. చువ్వలు వెనక్కి బారెడు పొడుచుకొచ్చాయి. కొసకు ఎర్రగుడ్డ లేకపోతే పోలీసు ఆపుతాడు, నేను రానన్నాడు ఆటో అతను. చీకటి పడుతోంది. లోపలికెళ్లి చూస్తే ఎదురుగా తేజాబ్ క్యాన్ మెడలో గుడ్డ. వాడకంలో ఉన్నది ఆ ఒక్క క్యానే. తక్కిన తేజాబంతా లోపలి గదిలో ఉంది, దాని తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి కట్టేస్తాలే అనుకున్నాను. విప్పి చువ్వలకు కట్టాను. ప్రమాదమని చెప్పే గుడ్డను తీసుకెళ్లి ప్రమాదమని చెప్పడానికే వాడాను. అప్పుడు అది నాకు తప్పనిపించలేదు, తెలివనిపించింది.

పొద్దున లేవడం ఆలస్యమైంది. చువ్వలు దించి దించి ఒళ్లు హూనమై పడుకున్నాను. దారిలో గుడ్డ సంగతి గుర్తుకొచ్చింది. వెనక్కి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదు? ఆలస్యానికి కార్ఖానా సేఠ్ అరుస్తాడని. అంతే, ఇంకే కారణమూ లేదు.

నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఇస్మాయిల్ భాయ్ కాస్టిక్ తొట్టిలో నీళ్లు కలుపుతున్నాడు. ఆవిరికి తగ్గిన నీళ్లు రోజూ పొద్దున నింపేవాడు. ఊడ్చేటప్పుడు యాదమ్మ క్యాన్లన్నీ జరిపేది. మెడ బోసిగా ఉంది కాబట్టి ఆ క్యాన్‌ను తీసి నీళ్ల వరుసలో పెట్టింది. సగమే ఉన్న తేజాబ్ క్యాను బరువుకు నిండు నీళ్ల క్యానులాగే ఉంటుంది. ఆయన దాన్నే ఎత్తాడు. తేజాబ్ పోసే రోజైతే మేకుకు వేలాడే కళ్లద్దాలు పెట్టుకునేవాడు. నీళ్లకు అద్దాలెందుకు?

తొట్టి ఒక్కసారిగా ఉడికి ఆయన మొహం మీదికి లేచింది. ఆయన కేక నేను మీకు వినిపించలేను.

సాయంత్రం సేఠ్ మమ్మల్ని గల్లా దగ్గర నిలబెట్టాడు.

"నిన్న తాళం ఏసింది నువ్వే గదా?" అని నన్ను అడిగాడు.

"నేనే సేఠ్."

"తేజాబ్ క్యానుకు గుడ్డ ఉండెనా? సచ్ బోల్."

నేను నోరు తెరిచేలోపే యాదమ్మ అందుకుంది. "లేదు సేఠ్. పొద్దుగాల నేను ఊడ్సేటప్పటికే మెడ బోసిగ ఉండె. నీళ్లదనుకోని జరిపిన. నా బిడ్డ మీద ఒట్టు."

"నిన్ను అడగలే," అన్నాడు సేఠ్, నా మీది నుంచి చూపు తీయకుండా.

"ఉండె సేఠ్," అన్నాను. "నేను సూసిన."

యాదమ్మ నా వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. "మంచిగ యాది చేస్కో అన్నా," అంది.

"యాదికున్నది," అన్నాను.

ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. సాయంత్రం ఉన్న గుడ్డ పొద్దున లేదంటే, మధ్యలో తాళం తీసింది ఆమె ఒక్కతే. ముందురోజు ఆమె ఏమని తిట్టిందో సందంతా విన్నది. సేఠ్ నా మాట అంత తొందరగా ఎందుకు నమ్మాడని తర్వాత చాలాసార్లు అనుమానపడ్డాను. ఆడమనిషి కక్ష అని తేలితే, కార్ఖానాలో కుళాయి ఎందుకు లేదని ఎవరూ ఆయన్ని అడగరు. ఆయనకు నా అబద్ధం అవసరమైంది. మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు, కానీ ఆ తర్వాత ఆయన నా ఆలస్యాలకు అరవడం మానేశాడు.

ఇక్కడితో ఆపేయవచ్చు. ఇంతకుముందు రాసినప్పుడు ఇక్కడే ఆపేశాను. ఇది సగమే.

ఇస్మాయిల్ భాయ్ మొహం పట్టుకుని కింద కూలబడ్డప్పుడు మా చుట్టూ వరుసగా నీళ్ల క్యాన్లు ఉన్నాయి. కాస్టిక్ కంట్లో పడితే చేయాల్సింది ఒక్కటే. వెంటనే, ఆగకుండా నీళ్లు పోస్తూనే ఉండాలి. అది మాకు ఆయనే నేర్పాడు. యాదమ్మ ఒక క్యాన్ ఎత్తింది. ఎత్తి ఆగిపోయింది. బోసి మెడ క్యానులోంచే కదా తేజాబ్ వచ్చింది. ఇందులో ఏముందో? "ఇది నీళ్లేనా? ఎవలన్న చెప్పున్రి, ఇది నీళ్లేనా?" అని అందరి మొహాలూ చూసింది. నేల మీది షాబాద్ బండ మీద కాస్త ఒలకబోస్తే తేలిపోయేది, తేజాబైతే నురగ లేస్తుంది. ఆ గాభరాలో అది ఎవరికీ తోచలేదు. నాకు తోచనక్కర్లేదు. నాకు తెలుసు. గుడ్డ లేని తేజాబ్ క్యాన్ ఒక్కటేననీ, అది ఆయన కాళ్ల దగ్గర దొర్లి ఉందనీ, తక్కినవన్నీ నీళ్లేననీ ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. చెబితే, నీకెట్ల తెలుసని అడుగుతారు. నేను బకెట్ తీసుకుని సందు చివరి కుళాయికి పరిగెత్తాను. బాగా వేగంగా పరిగెత్తానని తర్వాత అందరూ మెచ్చుకున్నారు.

వెంటనే నీళ్లు పోసి ఉంటే కుడికన్ను దక్కేదేమో అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. ఆ మాట వినకుండా ఉండటానికి నేను చాయ్ తెస్తానని లేచి వెళ్లాను. తలుపు దగ్గర వినబడింది.

యాదమ్మను మాన్పించారు. ఆ సందులో మరెవరూ పని ఇవ్వలేదు. కార్ఖానాలో ఎవరి క్యానుకు వాళ్లే గుడ్డను రెండు ముళ్లు వేసి కట్టుకునేవాళ్లు. ఒకరు పోసిన చాయ్ ఇంకొకరు తాగడానికి ముందు కప్పులోకి చూసేవాళ్లు. నేనూ చూసేవాణ్ణి. సిగ్గులేనితనం కాకపోతే ఏమిటి? నన్ను మించి అనుమానించాల్సిన మనిషి ఆ కార్ఖానాలో ఎవరున్నారు?

ఈమధ్య ఇస్మాయిల్ భాయ్ యాకుత్‌పురా నుంచి మా ఇంటికి వచ్చాడు. మనవరాలి పెళ్లికి పిలవడానికి. కప్పు మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పై అంతస్తు వేయలేకపోయాను, మిగిలిన చువ్వలు అలాగే నిలబడి ఉన్నాయి. గాలికి గుడ్డ కొట్టుకుంటోంది. మాటల మధ్యలో ఆయన అన్నాడు, "యాదమ్మను నేను మాఫ్ చేసిన భాయ్. దిల్ సాఫ్ చేస్కున్న. పెండ్లికి ఆమెను గూడ పిలుస్త."

అన్నప్పుడు ఆ ఒంటి కన్ను ఎటు చూస్తోంది? నన్నా, నా వెనక ఉన్న గుడ్డనా? అప్పటి నుంచి అదే ఆలోచన. తెలిసే అన్నాడా? నా నోటి నుంచి రప్పించాలనుకున్నాడా? లేక నిజంగానే, ఏ పాపమూ ఎరగని ఆడమనిషిని క్షమించి తేలికపడ్డాడా? ఆయన వేరే మనిషికి ఇచ్చిన క్షమను నేను ఎలా తీసుకుంటాను? ఆమెకు అది అక్కర్లేదు, నేను దానికి తగను. ఆ పెళ్లి పందిట్లో ఆమె తలవంచుకుని ఆ మాఫీ తీసుకుంటుంటే నేను పక్కన నిలబడి బిర్యానీ తింటానా?

మీకు చెప్పినంత మాత్రాన నాకేం మాఫీ రాదని తెలుసు. చెప్పాల్సిన వాళ్లు మీరు కాదనీ తెలుసు. అయినా ఈ కాసేపు ఊపిరి సరిగ్గా ఆడుతోంది. ఆ పొద్దున నా గొంతులో ఆగిపోయిన మాట ఇప్పుడు ఏ కంటికీ పనికిరాదు. ఆలస్యంగానే అంటున్నాను.

గుడ్డ విప్పింది నేను. అవి నీళ్లే యాదమ్మా. పోసెయ్.