రెండో బేసు దగ్గర అర అడుగు

మా నగరిలో ఆడపిల్లలు బేస్‌బాల్ ఆడతారంటే తిరుపతివాళ్లే నమ్మరు. "వికెట్లు యాడ పెడతారు సార్?" అని అడిగినవాళ్లను ఇప్పటికి వందమందిని చూశాను. ముప్పై ఏళ్లు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యేసరికి నా మోకాళ్లు పరుగుకు పనికిరాకుండా పోయాయి. జట్టుకు స్కోరు పుస్తకం రాసే పని మాత్రం మిగిలింది. నాకు కోపమెక్కువ అంటారు. పెన్సిలు పట్టుకుని కూర్చున్నవాడి దగ్గరికొచ్చి "దాన్ని హిట్టు కింద రాసెయ్యండి సార్" అంటే కోపం రాక ఏమొస్తుంది?

నిస్సీ ఒక్కతే నన్ను ఏనాడూ అలా అడగలేదు.

నిస్సీకి ఇరవై ఏళ్లు, డిగ్రీ ఆఖరు సంవత్సరం. వాళ్ల నాయన శాంతయ్యకు ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు పవర్‌లూమ్‌లున్నాయి. కాలేజీ నుంచి రాగానే కండెలకు దారం చుట్టడం, తెగిన పోగులు అతకడం నిస్సీ పని. మగ్గాలు ఆడుతుంటే ఆ షెడ్డులో పక్కవాళ్లు అరిచినా వినబడదు. అందుకే వాళ్లింట్లో అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. పిడికిలి బిగిస్తే మగ్గం ఆపమని, చెయ్యి గుండ్రంగా తిప్పితే నడిపించమని. అక్కడ సైగ కనబడగానే చేసెయ్యాలి. అవునా కాదా అని ఆలోచిస్తూ నిలబడితే వేళ్లు నలిగిపోతాయి.

ఆరేళ్లు పెద్దదైన అక్క రెబెకా కూడా మా జట్టులోనే ఆడేది. జిల్లా పోటీల్లో ఒకే సీజన్‌లో ఇరవై ఆరు హిట్లు, పదకొండు డబుల్స్ కొట్టింది. బంతి కొట్టి మొదటి బేసు చేరితే హిట్టు, ఒక్క ఊపున రెండో బేసు చేరితే డబుల్. మూడోది కూడా చేరితే అది త్రిబుల్, దాని లెక్క వేరు. ఆ మరుసటి ఏడే మోకాలి చిప్ప జారి రెబెకా ఆట మానేసింది. ఆమె పేరు, ఆ రెండు అంకెలు మా గ్రౌండులో సామాన్ల గది తలుపు మీద తెల్ల పెయింటుతో నేనే రాశాను. ఏడేళ్లుగా ఎవరూ వాటి దరిదాపులకు రాలేదు.

బ్యాట్ల కోసం ఆ తలుపు తీసినప్పుడల్లా నిస్సీ ఆ అంకెల ముందు కాసేపు నిలబడేది. ఒకరోజు అడిగింది. "సార్, అక్క పేరు పక్కన నా పేరు రాసే దానికి జాగా ఉండాదా?"

"పక్కన రాయను. ఆ అంకెలు చెరిపి రాస్తా. దాటితేనే," అన్నాను. కాస్త కటువుగానే అన్నాను. వెనక నిలబడిన రెబెకా మాత్రం నవ్వేసింది.

ఆ రోజునుంచి రెబెకాయే చెల్లెలికి గురువు. షెడ్డు పక్కనున్న సందులో నిలబడి ఖాళీ కండెలు విసిరేది, నిస్సీ కర్రతో కొట్టేది. వేలెడంత లావున్న కండెను కొట్టడం అలవాటైనవాళ్లకు బంతి గుమ్మడికాయంత కనబడుతుంది. మ్యాచుల్లో రెబెకా మూడో బేసు పక్కన నిలబడి పరుగెత్తేవాళ్లకు సైగలు చేసేది. అవి మగ్గం సైగలే. ఎదుటి జట్టువాళ్లు ఎంత తల బద్దలు కొట్టుకున్నా వాటి అర్థం తెలిసేది కాదు.

ఈ ఏడు పదో మ్యాచులో నిస్సీ ఇరవై ఏడో హిట్టు కొట్టి మొదటి రికార్డు దాటేసింది. రెబెకా జట్టంతటికీ బాదుషాలు పంచింది. డబుల్స్ మాత్రం పదకొండు దగ్గరే ఆగిపోయాయి. పదకొండో మ్యాచులో ఒక్కటీ పడలేదు. ఇక మిగిలింది ఫైనల్ ఒక్కటే.

తిరుపతిలో ఫైనల్, పలమనేరు జట్టు మీద. ఆట మొదలయ్యేముందు మా జట్టులో లోహిత అని ఒక పిల్ల, నోటికి అదుపు లేని పిల్ల, నిస్సీని ఆట పట్టించింది. "మీ అక్క మూడో బేసు కాడ నిలబడుకునేది మనకోసం కాదు మే, దాని రికార్డుకు కాపలా!" అందరూ నవ్వారు. నిస్సీ కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండింది కాని నోరు మూసుకున్నాను. ఆ రోజు లోహితను నాలుగు చీవాట్లు పెట్టనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆఖరి ఇన్నింగ్స్‌కు మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. ఒకరు అవుటయ్యాక నిస్సీ వచ్చింది. రెండో బంతిని కుడివైపు కొట్టింది. అది ఫీల్డర్లిద్దరి మధ్యనుంచి దూసుకుపోయింది. నిస్సీ మొదటి బేసు దాటింది, రెండోదాని మీద కాలు పెట్టింది. అక్కడ ఆగిపోతే పన్నెండో డబుల్. రికార్డు ఆమెదే. మూడోది చేరితే త్రిబులైపోతుంది, అక్క రికార్డు అలాగే ఉంటుంది. కాని జట్టుకు కావలసింది మూడో బేసు. అక్కడికి చేరితే తర్వాతి పిల్ల బంతిని దూరంగా లేపి క్యాచ్ అవుటైనా సరే, నిస్సీ పరుగు తెచ్చి స్కోరు సమం చేస్తుంది. ఎదురుగా రెబెకా చెయ్యి గుండ్రంగా తిప్పుతోంది. రమ్మని, రమ్మని.

నిస్సీ ఆగింది. ఎంతసేపో కాదు, అర అడుగు వేసేంత. మళ్లీ పరుగెత్తింది. మూడో బేసు అందడానికి చెయ్యి చాచేసరికి బంతి ముందొచ్చి పడింది. అవుట్. తర్వాతి పిల్ల కూడా అవుటయింది. ఓడిపోయాం.

నియమం ఏమిటంటే, అలా మూడోదానికి పోతూ అవుటైనా రెండోది చేరిన హిట్టు డబుల్ కిందే లెక్క. పుస్తకంలో డబుల్ అని రాశాను. రాస్తుంటే నాకు సంతోషం కలగలేదు.

మర్నాడు పుస్తకం పట్టుకుని వాళ్ల షెడ్డుకు వెళ్లాను. రెండు మగ్గాలూ ఆడుతున్నాయి, ఒకదాని దగ్గర నిస్సీ, రెండోదాని దగ్గర రెబెకా. నిస్సీ చెవి దగ్గర అరిచాను. "పన్నెండు! రికార్డు నీదే!"

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "చెరిపేయండి సార్!" అని అరిచింది. "ఆడ ఆగకుండా ఉంటే మూడోది అందుకునేదాన్ని. అక్క చెయ్యి తిప్పతా ఉంటే, తన రికార్డు పోకుండా ఉండేదానికే నన్ను పిలస్తా ఉందేమో అనుకున్నాను. పుట్టినప్పటి నుంచీ దాని చెయ్యి నమ్మినదాన్ని సార్, నిన్న ఒక్కసారి నమ్మలేదు!"

ఆమె సగం అరుస్తుండగానే రెండు మగ్గాలూ ఆగిపోయాయి. ఆపింది రెబెకా. చివరి మాటలు షెడ్డంతా వినబడ్డాయి. నిస్సీ చేతులతో ముఖం కప్పుకుంది.

"నాకు తెలుసు మే," అంది రెబెకా. "నీకు ఎదురుగా నిలబడింది నేనే గదా. నువ్వు నా చెయ్యి సూడలేదు, నా ముఖం సూసినావు."

రెబెకాకు కష్టం కలిగిందని కళ్లే చెబుతున్నాయి. తర్వాత నావైపు తిరిగింది.

"చెరపొద్దు సార్. అది కొట్టింది డబులే. తలుపు మీద దాని పేరు రాయండి. మిగతాది మా ఇంటి యవ్వారం."

నిస్సీ ఏదో చెప్పబోయింది. రెబెకా వినలేదు. తన మగ్గం నడిపించింది. షెడ్డు మళ్లీ హోరుమంది. ఆ హోరులోంచి చెల్లెలివైపు చూసి చెయ్యి గుండ్రంగా తిప్పింది.

నిస్సీ కళ్లు కూడా తుడుచుకోలేదు. వెంటనే తన మగ్గం పిడి లాగింది.