తొమ్మిదేళ్ళు ఒళ్ళు కాపాడుకున్న విజయ వదిన

నిన్న పొద్దున ఏడు కూడా కాలేదు. అన్న ఫోన్.

"వదినకు టెంపో తాకింది. హాస్పిటల్‌కు జల్ది రా."

అంతే, కట్ చేశాడు.

కాలో చెయ్యో విరిగి ఉంటుందనుకున్నాను. ఆధార్ కార్డు, ఒక చీర బ్యాగులో పెట్టుకుని టెంఘర్‌లోని మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళాను. హాస్పిటల్ మెట్ల మీద అన్న కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

రోజూలాగే వాకింగ్‌కు వెళ్ళింది మా వదిన. నాగావ్‌లో ఒక గోడౌన్ సందులోంచి బట్ట లోడ్ చేసుకున్న టెంపో రివర్స్‌లో వచ్చింది. డ్రైవర్ చూసుకోలేదట.

నలభై ఏడేళ్ళు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. తొమ్మిదేళ్ళ కింద వదిన బరువు నూట ఇరవై ఆరు కిలోలు. షుగర్, బీపీ, మోకాళ్ళ నొప్పులు. అన్నది మరమగ్గాల కార్ఖానా. అక్కడ సాంచలు అంటారు. రెండు సాంచల మధ్య సందులో ఆమె పట్టేది కాదు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, కండెలు చుట్టేవాళ్ళ పని అక్కడి నుంచే చూసుకునేది.

ఠాణేలో బేరియాట్రిక్ సర్జరీ చేయించుకుంది. కడుపును కోసి చిన్నగా చేశారు. ఏడాదిన్నరలో డెబ్బై రెండుకు వచ్చింది.

అప్పుడు అందరం పక్కన నిలబడి ఫోటోలు దిగాం. లైకులు కొట్టాం.

ఆ తర్వాత ఏడున్నరేళ్ళు ఆమె ఏం చేసిందో మనలో ఎవరమూ చూడలేదు.

ఇంటిల్లిపాదికీ వండి పెట్టి, తను ఒక గుడ్డు, కాస్త పప్పు, గుప్పెడు అన్నం. అదీ అరగంట సేపు నములుతూ. తినేటప్పుడు నీళ్ళు తాగొద్దు. విటమిన్ గోలీలు రోజూ, బతికినన్నాళ్ళూ.

"ఆపరేషన్ అయినంక ఏముంటది, గదే తగ్గుతది" అన్నారు మనవాళ్ళు. ఆమె ఊరికే కూర్చుంటే ఎవరో తెచ్చి ఇచ్చినట్టు.

నేనూ తక్కువేం తినలేదు.

మా పాప బర్త్‌డేకు బగారా అన్నం, మటన్ చేశాను. వదిన పళ్ళెంలో రెండు ముద్దలే ఉన్నాయి. "మా ఇంటి కూడు నీకు పడదా వదినా?" అని అందరి ముందూ అడిగి, ఇంకో రెండు గంటెలు వేశాను. తినేసింది.

కాసేపటికి బాత్రూంలో నల్లా చప్పుడు. ఎంతకీ ఆగదు. దగ్గరికి వెళ్తే తెలిసింది. లోపల కక్కుకుంటోంది. బయటికి వినబడొద్దని నల్లా విప్పింది.

ముఖం తుడుచుకుంటూ వచ్చింది. "మరెందుకు తిన్నవ్?" అన్నాను. కోపం కూడా నాకే.

"ఆడబిడ్డ మాట తీసెయ్యలేక తిన్న పిల్లా. కడుపుకు గా మర్యాద తెల్వదు."

నవ్వి, వచ్చినవాళ్ళకు పెరుగు వడ్డించడానికి వెళ్ళిపోయింది.

నాలుగో ఏడాది తొమ్మిది కిలోలు మళ్ళీ పెరిగింది. "చూసినవా, మళ్ళొచ్చింది" అని సంబరపడ్డవాళ్ళు మన చుట్టాల్లోనే ఉన్నారు. ఈ పోస్ట్ చదువుతున్నారు కూడా.

రెండు నెలలు ఏ ఫంక్షన్‌కూ రాలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి కూడా సిగ్గుపడింది. చివరికి నన్ను తోడు తీసుకుని వెళ్ళింది. డైటీషియన్ మేడం తిట్టలేదు. రోజంతా ఏమేం నోట్లో పెట్టుకుంటున్నారో చెప్పమంది. కార్ఖానాలో ఐదారు కటింగ్ చాయ్‌లు, చక్కెరతో, పక్కన బిస్కెట్లు. అవే కొంప ముంచాయి.

వచ్చేటప్పుడు కాశేలి దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయింది. అప్పుడు అంది వదిన:

"తగ్గేటప్పుడు అందరు చూస్తరు. తగ్గింది నిలబెట్టుకునేటప్పుడు ఎవ్వలు చూడరు. గదే కష్టం పిల్లా."

మర్నాటి నుంచే చాయ్‌లో చక్కెర బంద్. నడక మొదలు.

నడవడానికి మన ఊళ్ళో ఏముంది? ఫుట్‌పాత్ లేదు. గ్రౌండ్ లేదు. గుంతలు, వాటి పక్కన టెంపోలు. వానాకాలం కార్ఖానాలోనే, సాంచల మధ్య సందులో, ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగేది. మిగతా రోజుల్లో రోడ్డే.

మొన్నటి చెకప్‌లో డెబ్బై నాలుగు. షుగర్ గోలీ అవసరం లేదన్నారు. ఆ రిపోర్ట్ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. ఒక్కరూ రిప్లై ఇవ్వలేదు.

నేను కూడా.

నిన్న పోస్ట్‌మార్టం అయ్యి, దహనం అయ్యేసరికి సాయంత్రం అయింది. ఇంటికి రాగానే మొదలుపెట్టారు.

"గా ఆపరేషన్ చేయించుకోకుంటే ఇంట్లనే కూసునేది. బతికి ఉండేది."

"లావుగుంటే ఏమాయె? నడక పిచ్చి పట్టి పాణం మీదికి తెచ్చుకున్నది."

చూసుకోకుండా బండి వెనక్కి తెచ్చిన డ్రైవర్‌ను ఎవరూ ఏమీ అనలేదు. మనిషి నడవడానికి జాగా లేని రోడ్డును ఎవరూ ఏమీ అనలేదు. పోయినదాన్నే అన్నారు.

రేపు మూడో రోజు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పిట్టకు పెట్టాలి. మా పెద్దమ్మ ఇవాళ కూర్చుని లిస్ట్ చెప్తోంది. మటన్, గారెలు, బగారా, సేమియా పాయసం.

"పాపం, తొమ్మిదేండ్లు కడుపు మాడ్చుకున్నది. ఇప్పుడన్న కడుపు నిండ తిననియ్యుండ్రి."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆమె కడుపు నిండనే తిన్నది పెద్దమ్మా. ఆమె కడుపు గంతే. నిండనిది మన కడుపులే."

పొద్దుటి నుంచి గోడకు ఆనుకుని కూర్చున్న అన్న తల ఎత్తాడు.

"ఒక గుడ్డు, ఇంత పెరుగన్నం పెట్టుండ్రి. ఇంకేం వద్దు."

లిస్ట్ రాసిన కాగితం అక్కడే చింపేశాడు.

వదినా, ఇక నువ్వు ఎవరికీ సంజాయిషీ చెప్పుకునే పని లేదు.

నిమ్మళంగా ఉండు.