గుండె జేబులో ఆఫీస్ ఫోన్

అమెరికాలోని పార్సిప్పనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, ఒక శుక్రవారం సాయంత్రం మా మేనేజర్ నా సీటు దగ్గరికి వచ్చాడు. రేపు స్నోబోర్డింగ్‌కి వెళ్తున్నావటగా, ఆఫీస్ ఫోన్ ఇక్కడే పెట్టేసి వెళ్లు, కాల్స్ వస్తే నేను చూసుకుంటానన్నాడు. అమెరికన్, మాట తక్కువ మనిషి. నేను నవ్వి తలూపి, ఫోన్ బ్యాగులో వేసుకుని ఇంటికి వచ్చేశాను.

వద్దంటే వద్దనే అర్థమని నాకెవరూ నేర్పలేదు. మా ఇళ్లలో విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి వడ్డిస్తారు. వడ్డించనివాళ్లని పిసినారులంటారు. ఈయనదీ అలాంటి మొహమాటమే అనుకున్నాను. పైగా ఆ నెలాఖరుకి నా కాంట్రాక్ట్ అయిపోతోంది. పొడిగిస్తే వీసా నిలుస్తుంది, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. మా ఆయన కూడా నా వీసా మీదే ఆధారపడి, ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో ఉన్నాడు. పొడిగించాలో వద్దో రాయాల్సింది ఈ మేనేజరే. ఫోన్ వదిలేసి మంచులో ఆటలకి పోయేంత వెర్రిదాన్నా నేను?

కొండ దగ్గర, కాళ్లకి బిగించుకుని మంచు మీద జారే బోర్డులు అద్దెకి తీసుకున్నాం. నేర్పించే కుర్రాడు జేబులు ఖాళీ చేసుకోమని మరీ మరీ చెప్పాడు. నా జాకెట్‌కి ఒక పక్క సొంత ఫోన్, ఇంకో పక్క కెమెరా. ఆఫీస్ ఫోన్ మాత్రం వైబ్రేషన్ తెలియాలని ఎడమవైపు గుండె మీది జేబులో పెట్టుకున్నాను.

"ఒంటి మీద కొట్టు తెరిచావేంటి? అన్నీ కార్‌లో పెట్టేసి రా" అన్నాడు మా ఆయన.

"ప్రొడక్షన్‌లో ఇష్యూ వస్తే?"

"ఆయన హ్యాండిల్ చేస్తానన్నాడుగా."

"అంటారు."

నాలుగు గజాలు జారడం, కూలబడటం, గ్లవ్ తీసి సిగ్నల్ చూసుకోవడం. పక్కనుంచి చిన్నపిల్లలు చేపల్లా జారిపోతున్నారు. ఆ రోజు కొండ ఎలా ఉందని అడిగితే చెప్పలేను. ఫోన్ మీద సిగ్నల్ గీతలు ఎన్ని ఉన్నాయో చెప్పగలను.

మూడోసారి కిందికి వస్తుంటే గుండె దగ్గర గుర్రుమన్నట్టనిపించింది. చెయ్యి జిప్ మీదికి పోయింది. బోర్డు ముందంచు మంచులో దిగబడి, నన్ను ఎత్తి బోర్లా కొట్టింది. నా బరువంతా ఆ ఫోన్ మీదే పడింది. ఊపిరి అందలేదు. ఎలాగో ఒక పక్కకి ఒత్తిగిలి, ఫోన్ బయటికి లాగి చూస్తే, కాలేమీ రాలేదు.

మా ఆయన పడుతూ లేస్తూ వచ్చాడు. "ఎక్కడ తగిలింది?"

"సిగ్నల్ ఉంది" అన్నాను.

అతను నా పక్కన మంచులో కూర్చుండిపోయాడు.

ఆస్పత్రిలో పక్కటెముక చిట్లిందన్నారు. మంచం దిగొద్దన్నారు. సోమవారం పొద్దున్నే ఆఫీసులో ఉన్నాను. లాప్‌టాప్ బ్యాగ్ ఎత్తలేక అవస్థపడటం మేనేజర్ చూశాడు. సంగతంతా విని, ఇంటికి వెళ్లు, ఈ వారం రావద్దన్నాడు.

రావద్దంటే ఇక రావద్దనే కదా. చేతులు బాగానే ఉన్నాయి, టైప్ చేయగలను, కూర్చోగలను అంటూ ఆయన ముందు నిలబడి ఏడ్చేశాను. వెక్కినప్పుడల్లా ఎముక పొడిచింది. ఆయన బిత్తరపోయాడు. నీ ఎక్స్‌టెన్షన్ గురువారమే రాసి పంపించాను, రెండు రోజుల్లో మెయిల్ వస్తుంది, నిశ్చింతగా వెళ్లి ఆడుకుంటావనే ఫోన్ వదిలెయ్యమన్నాను అన్నాడు.

సంతోషం వేసింది. అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఇంటికొచ్చి చెబితే, మా ఆయన మొహం చాలా నెలల తర్వాత తేటపడింది. వీపు వెనక దిండ్లు సర్ది, దుప్పటి కప్పి, "ఇకనైనా కాసేపు నిద్రపో" అన్నాడు.

"మెయిల్ రానీ" అన్నాను.