దస్తీ వేసిన సీటు

తనకు మగవాళ్లంటేనే ఇష్టమని, తనతో పనిచేసే అతనితోనే బతుకుతానని తమ్ముడు చెప్పిన రోజు, "ఇగ ఇంటికి రాకు" అన్నాను. ఆ తప్పు చేసిన కొన్నాళ్లకు పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కాను.

ఒక ముసలాయన తన పక్క సీటులో ఎవరూ కూర్చోకుండా చేతిరుమాలు, అదే దస్తీ, వేసి ఉంచాడు.

"జెర తియ్యి తాతా."

"మా ఇంటి మనిషి వస్తున్నడు బిడ్డా. ఆయన, నా కొడుకు ఒక్కతాన సంసారం జేస్తున్రు."

"సిగ్గనిపిస్తలేదా?"

"మొదట్ల మస్తు కొట్లాడిన. కొడుకు లేని ఇంట్ల బువ్వ దిగలే. ఇగ సిగ్గెక్కడిది?"

ఆ ఆదివారమే పాశమైలారంలో తమ్ముడు వాళ్లుంటున్న గదికి వెళ్లి, తప్పయిందని వాడి చేతులు పట్టుకున్నాను. ఇద్దరినీ ఇంటికి రమ్మన్నాను. ముగ్గురం ఇంటికి బయల్దేరి, పటాన్‌చెరులో బస్సు ఆగగానే బయటినుంచే కిటికీలోంచి సీట్ల మీద రెండు దస్తీలు వేశాను.

"ఎవలకే గన్ని సీట్లు?" అని లోపలినుంచి ఎవరో గద్దించారు.

"మా ఇంటి మనుషులకు" అన్నాను.