మంచోడే గని

మా దిక్కు ఎవరిమీదైనా ఒక తప్పు చెప్పాలంటే ముందు ఒక మంచిమాట చెప్పాలి. అది మర్యాద. "ఆమె వంట బాగుంటది గని, పెట్టే చేయి రాదు." "పిలగాడు హుషారే గని, పనిదొంగ." వినేవాళ్లు మొదటి ముక్కను పట్టించుకోరు. "గని" దగ్గర చెవి పెడతారు. చిన్నకోడూరు పక్కన పల్లెలో పుట్టి, పెళ్లయి సిద్దిపేటకు వచ్చి, ఇంత వయసు వచ్చేదాకా నేనూ అట్లాగే మాట్లాడాను. ఆ మర్యాదే నా నోరు కొట్టింది.

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మహిళా సంఘం గదిలో సాయంత్రాలు చెప్తామంటే పోయి కూర్చున్నాను. ఒత్తులు బాగా ఏడిపించాయి. మొదట బస్సు బోర్డులు, తర్వాత పేపర్లో పెద్ద అక్షరాలు చదవడం వచ్చింది.

మా అన్న ఎవుసం వదిలి ప్లాట్ల వ్యాపారంలోకి, అందులోంచి రాజకీయంలోకి వచ్చాడు. వార్డు ఎన్నికలో నిలబడాలని తిరుగుతున్న రోజుల్లో నాకు ఫోన్ చేశాడు.

"చెల్లే, ముసలితనంల చదువు నేర్సినవ్, చానలోళ్లు వస్తరు, నాలుగు మాటలు చెప్పు. మంచి చీర కట్టుకో."

ఫోన్లలో మాత్రమే వచ్చే చిన్న చానల్ అది. ఒకతను వచ్చి మైకు నా ముందు పెట్టి, "పెద్దమ్మా, చిన్నప్పుడు ఎందుకు చదువుకోలే?" అని అడిగాడు.

నా జీవితంలో ఆ మాట అడిగినవాళ్లు అంతకుముందు లేరు. జవాబు మాత్రం ఎప్పటినుంచో గొంతులోనే ఉంది. అన్న ముఖం మీద అనే ధైర్యం రాలేదు. ఇట్లాగైనా ఆయన చెవిన పడుతుందనుకున్నాను. మర్యాదగానే మొదలుపెట్టాను.

"మా అన్న మంచోడే. బాపు పోయినంక మమ్ముల ఆయనే సాదిండు. గని, నన్ను రెండో తరగతిల బడి మాన్పిచ్చి బర్రెలెంట పంపిండు. నా పలక తీసి అటుక మీద పెట్టిండు. నేను ఏడిస్తే, ఆడపిల్లకు పలకెందుకన్నడు. ఇప్పుడు నా అంతట నేనే పోయి నేర్సుకున్న."

వీడియో వచ్చింది. అందులో నేను నవ్వుతూ చెప్తున్నాను: "మా అన్న మంచోడే. బాపు పోయినంక మమ్ముల ఆయనే సాదిండు. ఇప్పుడు పోయి నేర్సుకున్న." కింద పెద్ద అక్షరాలు కదులుతున్నాయి. వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. "అన్న చలువతో అక్షరాలు దిద్దిన చెల్లెలు." నా గురించి ఎవరో రాసింది నా కళ్లతో నేను చదవడం అదే మొదటిసారి.

నా బిడ్డ కూతురు ఉద్యోగం పరీక్షలకు చదువుతూ నా దగ్గరే ఉంటుంది. దానికి ఫోన్ చూపించి, "ఇది అబద్ధమే గద?" అన్నాను.

"అబద్ధం అనరాదు అమ్మమ్మా, మాటలన్నీ నీయే గదా. ఇంగ్లీషుల దీన్ని డిస్టార్ట్ అంటరు." తన పరీక్షల పుస్తకం తెరిచింది. "దీనికి చుట్టాలు శానామందే ఉన్నరు. ట్విస్ట్ అంటే మెలిపెట్టుడు. బెండ్ అంటే వంచుడు."

"గియ్యి కావు," అన్నాను. "బట్టను మెలిపెట్టి పిండినా దులిపి ఆరేస్తే మళ్లా చీరనే. పచ్చి కట్టెను వంచి ఇడిసిపెడితే మళ్లా నిలవడ్తది. నా మాట ఇగ మళ్లా నిలవడ్తదా?"

"మరి తిప్పి చెప్పుడు?"

"అది మా అత్త చేసేది. నేను ఉప్పెక్కువైందంటే, కోడలు నా వంటకు వంక పెట్టిందని ఇంటింటికీ చెప్పేది. అండ్ల ఆమె మాట ఒకటి కలిసేది. ఈళ్లు ఒక్కటి కూడ కలుపలే."

అది నవ్వి, తెలుగు అర్థం ఉన్నచోట వేలు పెట్టింది. చదివాను. వక్రీకరించు. ఆ మాట నాకు కొత్త కాదు. పేపర్లో లీడర్ల నోట రోజూ కనిపించేదే. మా అన్నకు మరీ ఇష్టం. మీటింగులో ఏదో ఒకటి నోరు జారడం, మర్నాడు "నా మాటలను వక్రీకరించిండ్రు" అనడం.

మర్నాడు పొద్దున్నే అన్న ఇంటికి పోయాను. కూర్చోకముందే అనేశాను. "అన్నా, నా మాటలు వక్రీకరించిండ్రు."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి పకపకా నవ్వాడు. "అగో, మా చెల్లె లీడరైంది! ఇగ నాకు టికెట్ వచ్చినట్టే."

"నవ్వకు. తీసేయమని చెప్పు."

"నువ్వనని మాట ఒక్కటన్న ఉన్నదా అండ్ల?"

"లేదు. నేనన్నయే లేవు."

వదిన తలుపు దగ్గర నిలబడింది. "ఎన్నటి ముచ్చటో తవ్వుతున్నవ్. మీ అన్న నీకేం తక్కువ చేసిండు?"

అన్న గొంతు తగ్గించాడు. "నేను మాన్పిచ్చిన్నా చెల్లే? కాలమే అట్లుండె."

పలక తీసిన చేయి కాలానిది కాదు. ఆ చేయే నా ముందు చాయ్ గ్లాసు మళ్లీ అందుకుంది. అయినా, ఆ మాట అక్కడ కూడా నోట్లోంచి రాలేదు. చాయ్ తాగి వచ్చాను.

ఎన్నికల ముందు ఒక ఫంక్షన్ హాల్లో ఆడవాళ్లకు సన్మానం పెట్టారు. నన్నూ పిలిచారు. స్టేజీ మీద అన్న. చానలతను కింద ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. కోసేవాడికి సందు ఇచ్చింది నా మర్యాదేనని నాకు అప్పటికి తెలిసిపోయింది. మైకు చేతికిస్తే ఈసారి మంచోడే అనలేదు. గని అనలేదు.

"నన్ను బడి మాన్పిచ్చింది మా అన్న," అన్నాను. అంతే.

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. వాళ్లను చూసి అందరూ కొట్టారు. వెనకనుంచి ఒకామె, "పాపం, సంతోషంల ఏదో అంటున్నది" అంది. అన్న లేచి, నవ్వు చెదరకుండా నా భుజాల మీద శాలువా కప్పి, నన్ను మెల్లగా కెమెరా వైపు తిప్పాడు.

సాయంత్రానికి వీడియో వచ్చింది. శాలువా ఉంది, చప్పట్లు ఉన్నాయి, అన్న నవ్వు ఉంది. నేను మాట్లాడేచోట అన్నాచెల్లెళ్ల పాట ఒకటి పెట్టారు. పాట కింద నా నోరు కదులుతోంది. "మాన్పిచ్చింది" అన్నప్పుడు నా పెదవులు రెండుసార్లు కలుసుకోవడం కూడా తెలుస్తోంది.

మనవరాలు మళ్లీ పుస్తకం అందుకుంది. "దీన్ని డిస్టార్ట్ అనరాదు అమ్మమ్మా. వంచనీకి అసలు మాటనే లేదు గదా. వేరే పదం ఉంటది, ఉండు చూస్తా."

"చూడకు," అన్నాను.

అప్పుడే పక్కింటామె తోడుకోసం పెరుగు అడగడానికి గిన్నె పట్టుకుని వచ్చింది. వీడియో ఆమె ఫోన్లోకీ వచ్చిందట. "చూసిన. మస్తు మంచిగున్నది," అంది.

నేను ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత "గని" వస్తుందేమోనని. ఆమె పెరుగు పోయించుకుని వెళ్లిపోయింది.