సిస్టర్ చదివిన నా నోటుపుస్తకం

ఇవాళ కామారెడ్డి బస్టాండు దగ్గర తడి తునికాకు వాసన తగిలి ఆగిపోయాను. ఎల్లారెడ్డి చర్చిలో నాతో జ్ఞానోపదేశం చదివినవాళ్లారా, ఎనభైల్లో బిషప్ గారు నుదుట తైలం పూసి విశ్వాసంలో స్థిరపరిచే భద్రమైన అభ్యంగనం ఇచ్చే ముందు మనతో ఇంటింటి సేవ చేయించారు, గుర్తుందా? నాకు ఆ తునికాకుతో బీడీలు చుట్టే రాజవ్వ ఇల్లు పడింది. చూపు మందగించిన ఆమెకు నీళ్లు తోడేదాన్ని, కొడుక్కి ఉత్తరాలు రాసిపెట్టేదాన్ని. దుబాయిలో ఉన్నాడని వాడకట్టంతా అనుకునే ఆ కొడుకు బొంబాయి జైల్లో ఉన్నాడని నాకొక్కదానికే చెప్పింది.

చేసిన సేవంతా నోటుపుస్తకంలో రాయమన్నారు మనకు జ్ఞానోపదేశం చెప్పే సిస్టర్. "నేను తప్ప ఎవ్వరూ చదవరమ్మా" అని మాట ఇచ్చారు. నమ్మి, జైలు సంగతి కూడా దాచకుండా అంతా రాశాను. ఆదివారం పూజ అయ్యాక గుడి నిండా ఉన్న జనం ముందు, రాజవ్వ పేరుతో సహా చదివేశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎందుకు చదివారు సిస్టర్?" అని ఏడ్చాను.

"మంచి పని పదిమందికీ తెలియాలి కదా" అంటూ తల నిమిరారు.

మర్నాడు రాజవ్వ నన్ను గడప దగ్గరే ఆపింది. "నీకు చెప్పుకున్న బిడ్డా, ఊరికి చెప్పలే" అంది.

చదివింది సిస్టర్ అని చెప్పబోయాను. కానీ రాసింది నేనే. ఆమె తలుపు వేసుకుంది.